గట్టి ఎముక చూసి సంబరపడ్డాను: అనంతపురంలో ఒక ఇంప్లాంట్ కేసు

ఈ కేసులో రెండు ఇంప్లాంట్లు, అంటే పన్ను వేరుకు బదులు దవడ ఎముకలో బిగించే స్క్రూలు, వేశాను. ఒకటి నిలబడింది. రెండోది ఎనిమిదో వారానికి వేలితో తాకితేనే కదిలింది. అది ఎందుకు ఊడిందో తెలుసుకునే క్రమంలో, మా జిల్లాలో పళ్లు చూసే డాక్టరుగా నేను ఎప్పుడో అడిగి ఉండాల్సిన ఒక ప్రశ్న తగిలింది. మన ప్రాంతంలో ఇంప్లాంట్లు వేసేవాళ్లకూ వేయించుకునేవాళ్లకూ పనికొస్తుందని మొదటి నుంచీ రాస్తున్నాను. ఆ రోగి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు చెప్పడం లేదు.

మొదటి రోజు

2022 సంక్రాంతి వెళ్లిన వారం. కళ్యాణదుర్గం వైపు నుంచి 53 ఏళ్ల రైతు మహిళ వచ్చారు. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు వెంట తీసుకొచ్చాడు. కుడివైపు కింది దవడలో పక్కపక్కనే ఉన్న రెండు పళ్లు, మా లెక్కలో 45, 46, నాలుగేళ్ల కిందటే పుచ్చిపోతే తీయించుకున్నారు. ఆ ఖాళీకి వేరే చోట తీసిపెట్టే సెట్టు చేయించుకున్నారు. ఆమె కొంగు ముడి విప్పి దాన్ని నా బల్ల మీద పెట్టారు.

"ఇది పెట్టుకుంటే అడుక్కి మెతుకులు పోతాయి సామీ. పెట్టుకోకుంటే ఒగ పక్కనే నమలాల."

ఏం తినడం కష్టంగా ఉందని అడిగాను.

"సంగటికేముంది, మింగేదే గదా. బుడ్డలు తినేకి రాదు. మా చేన్లో పండిన బుడ్డలు వేంచుకోని తినేకి రాకుంటే ఎట్ల?"

బుడ్డలంటే వేరుశనగలు. ఆ మాట కేసు షీటులో అలాగే రాసుకున్నాను. రోగి ఏం తినాలనుకుంటున్నారో తెలిస్తే వైద్యం ఎంతవరకు వెళ్లాలో తెలుస్తుంది. రాగి సంగటి ముద్దను పులుసులో అద్ది మింగేస్తాం, నమలం. అందుకే మా పల్లెల్లో పళ్లు లేనివాళ్లు ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా నెట్టుకొస్తారు. వేయించిన బుడ్డ గింజ నలగాలంటే మాత్రం కింద, పైన దవడ పళ్లు ఉండాల్సిందే.

కుర్చీ వెనక్కి వాలుస్తుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టారు. "అంత పండబెట్టొద్దు సామీ, నడుము సాగదు. తెల్లారి లేచేకి అరగంట పడతాది." కుర్చీ కొంచెం ఎత్తి, షీటులో 'నడుము నొప్పి' అని రాసి ముందుకు వెళ్లిపోయాను. మా దగ్గరికొచ్చే యాభై దాటిన రైతుల్లో నడుము నొప్పి లేనివాళ్లు తక్కువ. ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది.

నోట్లో చూస్తే పళ్లన్నిటి మీదా గోధుమరంగు మచ్చలు, అక్కడక్కడ సన్నటి గుంటలు. మా వైపు వీటిని గార పండ్లంటారు. నిజానికి ఇది పైన పట్టిన గార కాదు, తోమితే పోదు. పన్ను చిగురు కింద తయారవుతున్న బాల్యంలో తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పన్ను పైపొర ఎనామెల్ సరిగా గట్టిపడక ఇలా వస్తుంది. అనంతపురం జిల్లాలో ఇది రోజూ చూసే సంగతే. రోజూ చూసేదాన్ని రోగ లక్షణంగా చూడటం మానేస్తాం. నేనూ మానేశాను.

మిగతావి: చిగుళ్ల నుంచి రక్తం, కింది ముందుపళ్ల వెనక గట్టిగా పేరుకున్న పాచి. ఎదురుగా పన్ను లేకపోవడంతో పైదవడ పన్ను 16 ఒక మిల్లీమీటరు కిందికి దిగింది. ఖాళీ వెనకున్న 47 కొంచెం ముందుకు ఒరిగింది. ఆరేళ్లుగా షుగరు, మాత్రలు వాడుతున్నారు. షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.2. బీపీ లేదు. ఆకువక్క పండగకీ పబ్బానికే.

మూడు నెలలు ఆపాను

"సోమవారం డ్యూటీకి పోవాల సార్, ఈ రెండ్రోజుల్లో అయిపోతుందా?" అని కొడుకు అడిగాడు. కాదన్నాను. షుగరు అదుపులో లేనప్పుడు చిన్న రక్తనాళాలు సరిగా పనిచేయవు, ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది, ఇంప్లాంటు చుట్టూ కొత్త ఎముక నెమ్మదిగా పెరుగుతుంది. హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి ఈ వారం మాత్రలు పెంచితే వచ్చే వారం మారదు. 8 దాకా ఉన్నా ఇంప్లాంట్లు వేసే మిత్రులున్నారు. నేను 7.5 దాటితే వేయను.

మిగతా దారులూ చెప్పాను. బ్రిడ్జి వేయాలంటే ముందున్న 44ను, వెనకున్న 47ను అరగదీయాలి. నాలుగు పళ్ల బరువు రెండు పళ్ల మీద పడుతుంది, అందులో ఒకటి ఒరిగి ఉంది. కానీ ఒకటిన్నర రెండు వారాల్లో పూర్తవుతుంది, ఖర్చు తక్కువ, ఆపరేషన్ లేదు. ఆ రెండు పళ్లకూ గుంటలున్నాయి కాబట్టి క్యాపు పడితే వాటికీ మంచిదే అనొచ్చు. ఈ సంగతి దాచలేదు. కొడుకు బ్రిడ్జి వైపు మొగ్గాడు. ఆమే అడ్డుపడ్డారు. "బాగుండే పండ్లు అరగదీసేకి నాకు మనసొప్పదు."

చిగుళ్ల కింద క్లీనింగ్ రెండు విడతల్లో చేశాను. ఏప్రిల్ చివరికి హెచ్‌బీఏ1సీ 7.2కి దిగింది. ఆమె క్రమం తప్పకుండా మాత్రలు వేసుకున్నారు, నడిచారు. ఆ తగ్గుదల ఆమె కష్టమే.

తర్వాత సీబీసీటీ, అంటే దవడ త్రీడీ స్కాన్, తీయించాను. 46 చోట ఎముక వెడల్పు 7.8 మిల్లీమీటర్లు, కింద నరం దాకా ఎత్తు 15. 45 చోట వెడల్పు 6.4, పెదవికి స్పర్శనిచ్చే నరం బయటికి వచ్చే రంధ్రం దాకా 13. నరానికి కనీసం 2 మిల్లీమీటర్లు వదలాలి, రెండూ సరిపోయాయి. 45కి 3.8 వెడల్పు, 46కి 4.5 వెడల్పు ఇంప్లాంట్లు అనుకున్నాను. పొడవు రెండింటికీ 10.

బొమ్మలో ఎముక తెల్లగా మెరుస్తోంది. దవడ ఎముకలో బయట గట్టి పొర, లోపల స్పాంజి మాదిరి భాగం ఉంటాయి. ఈమెకు లోపలి భాగం కూడా దాదాపు గట్టి పొరలాగే కనిపించింది. చూసి సంబరపడ్డాను. మెత్తటి ఎముకలో ఇంప్లాంటు పట్టు దొరక్క ఇబ్బంది పడ్డవాడిని కాబట్టి, ఇంత గట్టి ఎముక దొరకడం అదృష్టమనుకున్నాను.

మే 10

గంట ముందు అమాక్సిసిలిన్ 2 గ్రాములు. 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో నిమిషం పుక్కిలింత. 2 శాతం లిగ్నోకెయిన్, అడ్రినలిన్ 1:80,000 కలిపిన మత్తు సూది. చిగురు తెరిచాక ఎముక నున్నగా, పాలరాయి ముక్కలా ఉంది.

45తో మొదలుపెట్టాను. 2 మిల్లీమీటర్ల డ్రిల్లు, ఆ తర్వాత దాని పైసైజులు. మామూలు కంటే నెమ్మదిగానే దిగాయి. 46కి ఇంకా పెద్ద డ్రిల్లు కావాలి, ఇంప్లాంటు వెడల్పు కదా. ఆ చివరి డ్రిల్లు దిగనని మొరాయించింది. నేను చేతి బలం వేశాను.

ఇక్కడ ఒక సంగతి కళ్లకు కట్టినట్టు చెప్పాలి. డ్రిల్లు బయటికి తీసినప్పుడు దాని మెలికల్లో ఎముక పొడి ఇరుక్కుని వస్తుంది. బతికున్న, రక్తం బాగా ఆడే ఎముకైతే ఆ పొడి ఎర్రగా, తడిగా, కుంకుమ ముద్దలా ఉంటుంది. ఆ రోజు 46 నుంచి వచ్చిన పొడి తెల్లగా ఉంది, ముగ్గుపిండిలా. గుంతలోంచి రక్తం కూడా ఊరలేదు. నర్సు దాన్ని గాజుగుడ్డతో తుడిచేసింది. నేను చూశాను, చూసీ ఆగలేదు.

46లో ఇంప్లాంటు దింపుతుంటే, బిగింపు బలం 50 న్యూటన్ సెంటీమీటర్ల దగ్గర మెషిన్ ఆగిపోయింది. ఇంకా ఒక మిల్లీమీటరు మిగిలింది. రాచెట్ అనే చేతి పానాతో బిగించి దింపాను. "భలే పట్టింది" అని గట్టిగానే అన్నాను. రెండింటికీ మూత స్క్రూలు వేసి, చిగురు కప్పి కుట్లు వేశాను.

ఊడిన ఇంప్లాంటు

వారానికి కుట్లు తీసినప్పుడు అంతా బాగుంది. నాలుగో వారంలో ఆమె ఫోన్ చేశారు, లోపల సన్నగా పోటు వస్తోందని. రమ్మన్నాను. ఎక్స్‌రేలో ఏమీ తేడా లేదు. మాత్రలిచ్చి పంపాను. జూలై మొదటి వారంలో మళ్లీ వచ్చినప్పుడు 46 మీద చిగురు ఎర్రబడి ఉంది. ఎక్స్‌రేలో ఇంప్లాంటు చుట్టూ పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత. చిగురు తెరిచి తాకితే తిరిగింది. రాచెట్ అక్కర్లేకుండా వేళ్లతోనే బయటికి వచ్చేసింది. దాని ఒక పక్కకు అంటుకుని సుద్దముక్కలాంటి పలుచటి ఎముక పెచ్చు. చచ్చిన ఎముక.

ఆమెకు అద్దం పట్టుకుని చూపించాను. నా పనిలో తప్పు జరిగిందని, మళ్లీ వేస్తానని, ఈసారి డబ్బు తీసుకోనని చెప్పాను. కొడుకు ఫోనులో గట్టిగానే మాట్లాడాడు. మాట్లాడే హక్కు అతనికి ఉంది. ఆమె మాత్రం, "ఒగ సాలు మొలవకుంటే మల్లా ఇత్తేదే గదా సామీ" అన్నారు. ఆ మాట నాకు ఊరటగా ఉంది. కానీ ఎందుకు మొలవలేదో తెలియకుండా మళ్లీ విత్తడం మోసమవుతుంది.

షుగరు మీదికి తోసేయడం తేలిక. చాలామంది ఒప్పుకుంటారు కూడా. కానీ 45 అదే నోట్లో, అదే రోజు, అదే షుగరుతో గట్టిగా నిలబడింది. అదే మందులు, అదే బ్రష్షు. తేడా ఒకటే: 46కి వాడిన చివరి పెద్ద డ్రిల్లు 45కి వాడలేదు. దాన్ని తీసి భూతద్దం కింద చూశాను. అంచులు మొద్దుబారాయి. దవడ పళ్ల కేసులన్నింటికీ ఆ సైజే కావాలి కాబట్టి పెట్టెలో అన్నిటికంటే ఎక్కువ వాడింది అదే. ఎన్నిసార్లు వాడానో లెక్క రాసుకోలేదు.

రెండో కారణం నీళ్లు. డ్రిల్లు తిరుగుతున్నంతసేపూ సెలైన్ చల్లుతాం, వేడి పెరగకుండా. మా క్లినిక్‌లో సెలైన్ సీసాలుండే స్టోరు గదికి ఏసీ లేదు. అనంతపురంలో మే నెల మధ్యాహ్నం ఆ గదిలో సీసా పట్టుకుంటే చేతికి వెచ్చగా తగులుతుంది. ఆ వెచ్చటి నీళ్లనే చల్లదనం కోసం వాడాను.

ఎముకకు వేడి ఎంతవరకు తట్టుకునే శక్తి ఉందో స్వీడన్‌లో ఎరిక్సన్, ఆల్‌బ్రెక్ట్‌సన్ 1983లో కుందేళ్ల మీద చూపించారు. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం ఉంటే చాలు, ఎముక దెబ్బతింటుంది. మన ఒంటి వేడికి అది పది డిగ్రీలు మాత్రమే ఎక్కువ. మొద్దు డ్రిల్లు, గట్టి ఎముక, చేతి బలం, వెచ్చటి సెలైన్. దానికి తోడు 50 దాటిన బిగింపు. రక్తం తక్కువగా ఆడే గట్టి ఎముకను అంత ఒత్తిడితో నొక్కితే ఉన్న కాస్త రక్తమూ అందదు. ఇంప్లాంట్ల పద్ధతికి ఆద్యుడు బ్రోనెమార్క్ 1965లో మొదటి రోగికి వేసినప్పటి నుంచీ ఎముకను మెల్లగా, నీళ్లు ధారాళంగా చల్లుతూ తొలవాలనే చెప్పాడు. ఆ మొదటి రోగి 2006లో చనిపోయేదాకా, నలభై ఏళ్లకు పైగా, ఆ ఇంప్లాంట్లతోనే ఉన్నాడు. చదువుకునేటప్పుడు ఇవన్నీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాడినే నేను.

నడుము మాట

ఇదంతా తేలాక కూడా ఒక ప్రశ్న మిగిలింది. 53 ఏళ్ల మనిషికి దవడ ఎముక అంత తెల్లగా ఎందుకుంది? షీటు మళ్లీ చదివాను. గార పండ్లు. నడుము నొప్పి. తెల్లారి లేవడానికి అరగంట. మూడూ ఒకే పేజీలో, నా చేతిరాతలోనే ఉన్నాయి.

ఎముకల డాక్టరైన మిత్రుడి దగ్గరికి పంపాను. అతను ముంజేతి ఎక్స్‌రే తీయించాడు. ముంజేతిలోని రెండు ఎముకల నడుమ ఉండే పలుచటి పొర మామూలుగా ఎక్స్‌రేలో కనపడదు. ఈమెకు ఆ పొర అంచున సున్నం పేరుకుని ముళ్లలా కనిపించింది. ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు ఫ్లోరోసిస్‌కు అది బాగా తెలిసిన గుర్తు. ఊరి బోరు నీళ్లు పరీక్షిస్తే లీటరుకు 2.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వచ్చింది. మన దేశ ప్రమాణం 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా.

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. తెలుగు డాక్టర్లకు ఇది కొత్త జబ్బు కాదు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ లోపలికి పోతుంటే అది ఎముక స్ఫటికాల్లో చేరుతుంది. ఎముక బరువు, తెలుపు పెరుగుతాయి. నాణ్యత పెరగదు, పైగా పెళుసెక్కుతుంది. నేను సీబీసీటీలో చూసి సంబరపడ్డ తెలుపు అదే. ఇంప్లాంటు ఊడింది ఫ్లోరైడ్ వల్లేనని నేను అనను. 45 కూడా అదే ఎముకలో నిలబడింది మరి. ఊడింది నా డ్రిల్లు వేడికి. ఆ ఎముక సంగతి ముందే తెలిసి ఉంటే ఆ డ్రిల్లును అలా వాడేవాడిని కాదు.

మా జిల్లాలో 1990ల నడుమ సత్యసాయి తాగునీటి పథకంతో వందల ఊళ్లకు మంచినీళ్లు వచ్చాయి. ఈమె ఇంట్లో తాగడానికి క్యాను నీళ్లే వాడుతున్నారు, కానీ వంటకు బోరు నీళ్లు. సంగటి ఎసరు, పప్పు, చారు అన్నీ వాటితోనే. "కాగబెడతాం గదా సామీ" అన్నారు. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఎముకలో చేరినదాన్ని కడిగేసే మందు లేదు. ఇకనైనా వంటకూ మంచినీళ్లే వాడమని కొడుక్కి, కోడలికి కూర్చోబెట్టి చెప్పాను. ఇంప్లాంటు కంటే ఆ అరగంట మాటలే ఆ ఇంటికి ఎక్కువ మేలు చేశాయని నా నమ్మకం.

రెండోసారి

నాలుగు నెలలు ఆగి, మళ్లీ సీబీసీటీ చూసి, నవంబరులో 46 తిరిగి తెరిచాను. కొత్త డ్రిల్లులు. ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టిన సెలైన్. నిమిషానికి 800 చుట్లు. ఐదు సెకన్లు తొలవడం, బయటికి తీయడం, మెలికలు శుభ్రం చేయడం, గుంతలో నీళ్లు నింపడం, మళ్లీ ఐదు సెకన్లు. మామూలుగా పావుగంట పనికి నలభై నిమిషాలు పట్టింది. ఈసారి పొడి ఎర్రగా వచ్చింది. గాజుగుడ్డ మీద పెట్టించి నర్సుకూ చూపించాను. చివర్లో మరలు కోసే ట్యాప్ వాడి, 35 న్యూటన్ సెంటీమీటర్ల బిగింపు దగ్గర ఇంప్లాంటు పూర్తిగా దిగేలా చూసుకున్నాను. రాచెట్ ముట్టలేదు. స్థిరత్వం కొలిచే ఐఎస్‌క్యూ 66.

2023 మార్చిలో తెరిస్తే ఐఎస్‌క్యూ 46కి 74కి పెరిగింది, 45కి 77.

క్యాపుల రంగు దగ్గర అనుకోని సంగతి ఎదురైంది. తెల్లటి రంగులున్న షేడ్ గైడ్ చూపిస్తే ఆమె తల అడ్డంగా ఊపారు. "ఇంత తెల్లగా వద్దు. నవ్వితే ఇవొగటే కనపడతాయి. నా పండ్ల మాదిరే ఉండాల." పక్కపళ్లను దగ్గరగా ఫోటోలు తీసి, ల్యాబ్ టెక్నీషియన్‌కు పంపాను. అతను 45 క్యాపు మీద గోధుమ మచ్చలు, మబ్బు గీతలు చేత్తో దిద్ది పంపాడు. మొదటిసారి మచ్చ మరీ ముదురైందని ఆమే వెనక్కి పంపించారు. రెండోసారి నోట్లో పెట్టాక ఏది క్యాపో నాకే క్షణం పట్టింది.

రెండు క్యాపులూ విడివిడిగా, స్క్రూతో బిగించేవి. 30 న్యూటన్ సెంటీమీటర్లు. సొంత పన్ను కింద మెత్తటి నార ఉంటుంది, కొరికినప్పుడు పన్ను కాస్త కిందికి దిగుతుంది. ఇంప్లాంటుకు ఆ వెసులుబాటు లేదు. అందుకే మెల్లగా కరిచినప్పుడు పలుచటి రేకు క్యాపు మీంచి జారి వచ్చేలా, గట్టిగా కరిచినప్పుడు మాత్రమే పట్టుకునేలా సరిచేశాను. కిందికి దిగిన పై పన్నును కొసన కొద్దిగా సాపు చేశాను.

ఆ కేసు తర్వాత మా క్లినిక్‌లో ప్రతి డ్రిల్లుకూ నోటు పుస్తకంలో ఒక గీత పడుతుంది. సెలైన్ ఏడాది పొడవునా ఫ్రిజ్‌లోనే. గార పండ్లున్న ప్రతి మనిషినీ తాగే నీళ్ల గురించి, వంట నీళ్ల గురించి, నడుము బిగుసుకోవడం గురించి అడుగుతున్నాను. అనుమానమొస్తే ముంజేతి ఎక్స్‌రే.

ఆమె చివరగా వచ్చింది 2025 ఏప్రిల్‌లో. కొంగు ముడిలో సెట్టుకు బదులు వేయించిన బుడ్డలు తెచ్చారు. నా ముందే కుడివైపు నమిలి చూపించారు, నాకూ గుప్పెడు పెట్టారు. రెండు ఇంప్లాంట్ల చుట్టూ చిగురు లోతు 3 మిల్లీమీటర్లు, రక్తం లేదు. ఎక్స్‌రేలో ఎముక అర మిల్లీమీటరు తగ్గింది, అది మామూలే. 46కూ 47కూ నడుమ ఆహారం ఇరుక్కుంటోంది, సన్న బ్రష్షు ఎలా తిప్పాలో మళ్లీ చూపించాను. హెచ్‌బీఏ1సీ 7.9కి పెరిగింది. షుగరు డాక్టరుకు చీటీ రాసిచ్చి, జూలైలో రిపోర్టు పట్టుకుని రమ్మన్నాను.